పటిక నీళ్ళ పిల్లి

శ్రీకాళహస్తి,
9-5-1979

చెల్లెలు శకుంతలకు,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు. ముందు నువ్వు కూర్చో. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

తిరుపతిలో మఠం వాళ్ళు అడిగిన రామాయణం గుడ్డ సంగతి నీకు తెలుసు. తొమ్మిది మూరల గుడ్డ. నాలుగు నెలలుగా నా నడుము దానికే అంకితం. నిన్న దాన్ని ఎర్ర రంగులో ఉడకబెట్టాము. నువ్వు ఈ ఇంట్లో పుట్టినదానివి, నీకు చెప్పనక్కర్లేదు. దామోదరం బావకు మన పని తెలియదు కాబట్టి ఆయనకు ఇట్లా చదివి వినిపించు: నల్ల గీతలు మేము కసిమితో గీస్తాం. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళే కసిమి. గుడ్డ మీద పడగానే నల్లగా కనిపిస్తుంది. ఎరుపు అట్లా కాదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూస్తాం. ఆరితే అక్కడ ఏమీ కనిపించదు. తర్వాత ఎర్ర వేర్లు వేసి గుడ్డను ఉడికిస్తే పటిక పడిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో ఆ రోజే తెలుస్తుంది.

తెలిసింది తల్లీ, బాగా తెలిసింది.

మన చాకలి గంగాధరం గుడ్డను ఏట్లో జాడించి ఇసుక మీద పరిచాడు. నేను గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాను. వాడు వంగి చూసి, "అయ్యా, ఈ పిల్లి యాడిది?" అన్నాడు. "రామాయణంలో పిల్లి యాడుంటాదిరా, ఎండకు నీ కండ్లు తిరిగినాయి" అన్నాను. "నువ్వే వచ్చి సూడు" అన్నాడు. వెళ్ళి చూశాను. కైకేయి మంచం కింద, బొటనవేలంత పిల్లికూన, ఎర్రగా. హనుమంతుడి తోక చివర ఇంకొకటి. గుహుడి పడవలో చేపలబుట్ట పక్కన ఇంకొకటి. గొడుగు ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు. మొత్తం పదకొండు లెక్కపెట్టాను. పన్నెండోది వెతికే ధైర్యం లేక మానేశాను.

ఏదో ఒక పిల్లి అనుకునేవు. బావ ఆడించే పిల్లి అది. పోయిన కార్తీకంలో మీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు, బావ ఆపరేటరుగా పనిచేసే సినిమా హాల్లో అసలు ఆటకు ముందు పది నిమిషాలు ఇంగ్లీషు బొమ్మల సినిమా వేశాడే, ఆ అల్లరి పిల్లికూన. ఒక చెవి మడత, తోక గరిటె మాదిరి నిటారుగా, కుడి ముందరికాలు ఎత్తి, పాలగిన్నె తానే తోసేసి తనకేమీ తెలియనట్టు మొహం. నేను ఆ పది నిమిషాలూ నిద్రపోయాను కానీ మెలకువ వచ్చినప్పుడల్లా ఆ మొహమే కనిపించింది. మీ వదిన యశోద మూడు రోజులూ ఆ ఆటకు పోయింది. హాలు చల్లగా ఉంటుందని పోయిందిలే పాపం.

గీసింది ఎవరో నన్ను అడగొద్దు. నీ కూతురే. ఉగాది మరుసటి రోజు వచ్చి నెల రోజులు నా ఇంట్లో పని నేర్చుకున్నది చంద్రకాంత తప్ప ఇంకెవరు? వచ్చిన రోజే నా కలం ముట్టుకోబోయింది. "ఆడపిల్లకు కసిమి కలం ఎందుకు, అత్త పక్కన కూర్చోని పటిక పూసేది నేర్చుకో సాలు" అన్నాను. దానికి మొహం ముడుచుకుంది. ఆ కోపం దేవుడి గుడ్డ మీద తీర్చుకుంది.

కలంకారీ ట్రైనింగు సెంటరులో అది చేరడానికి నా చేతి ఉత్తరం కావాలని అడిగావు. ఆ మాట ఇక మరిచిపో. మీ వదినకు నోట మాట లేదు. ఇరవై తొమ్మిదేండ్లుగా నేను గీస్తుంటే పక్కన కసిమి గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషి. ఆమె మనసు ఎంత కష్టపడిందో నీ కూతురిని ఆలోచించుకోమను.

నీ అన్న,
మునిరామయ్య


చిత్తూరు,
14-5-1979

అన్నకు,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పిండి రుబ్బుతున్నాను. నువ్వు కూర్చోమన్నావు, నేను కూర్చునే ఉన్నాను, అయినా రోలు పక్కకు ఒరిగిపోయాను. మా అత్త వచ్చి, ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, పరువు పోయింది అన్నాను.

మా అత్తకు చదివి చెప్పడం నా తప్పే. దేవుడి గుడ్డలో పిల్లి ఎదురొస్తే ఆ గుడ్డ గీసిన ఇల్లు మూడు నెలల్లో ఖాళీ అవుతుందని ఆమె అప్పటికప్పుడు తేల్చేసింది. అట్లాంటిది ఎక్కడ విన్నావత్తా అంటే, "పదకొండు పిల్లులు ఎదురొస్తే ఏమవుతాదో నీకేం తెలుసు" అంది. గంగమ్మ జాతరకు అంబలి పోయడానికి పోతూ మీ పేరు మీద కూడా ఒక చెంబు పోసి వచ్చాను.

ఇక చంద్ర. పిలిచి అడిగాను. "నేను గీయలేదమ్మా" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. అన్న అబద్ధం రాయడు, నువ్వు అబద్ధం చెబుతున్నావు అని చీపురు తిరగేశాను. అన్నా, ఆ పిల్లను నేను అయిదో ఏట తర్వాత కొట్టలేదు. నిన్న కొట్టాను. అది చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దాని బొమ్మల పుస్తకం తీసి నీళ్ళపొయ్యిలో పెట్టాను. అది నిలబడి చూసింది. పుస్తకమంతా కాలిపోయాక, "పటికతో గీస్తే నాకే కనపడదు గదమ్మా, పదకొండు యెట్ల గీస్తాను" అంది. తెలివి మాటలు ఆడకు అన్నాను.

మీ బావ రాత్రి ఆట నుంచి వచ్చి సంగతి విని అన్నం ముట్టలేదు. ఆయనకు నా మీద కోపమా, నీ మీద కోపమా, పిల్లి మీద కోపమా అర్థం కాలేదు. ఆ సినిమా వేయడం మానేస్తానన్నాడు. మానేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారని హాలు ఓనరు ఊరుకోడు. అసలు ఆట బాగా లేకపోయినా ఆ పిల్లి కోసమే వస్తున్నారట.

అన్నా, ఒక్క మాట. సెంటరుకు దరఖాస్తు జూన్ ఇరవై లోపల ఇవ్వాలి. ఈ పని చేసే వాళ్ళు ఎవరైనా నేర్పినట్టు రాసివ్వకపోతే తీసుకోరు. పోయిన ఏడాది పదో తరగతి పాసైనప్పటి నుంచి అది ఆ ఒక్క దాని కోసమే ఇంట్లో కూర్చుని ఉంది. తప్పు చేసింది, దండించాను. ఇంక నీ కోపం చాలించు. ఈ ఉత్తరం వదినకు కూడా చదివి వినిపించు. వదిన చెబితే నువ్వు వింటావు.

శకుంతల


శ్రీకాళహస్తి,
19-5-1979

శకుంతలకు,

నువ్వు కొట్టావని చదివి కాస్త బాధపడ్డాను, ఎక్కువ పడలేదు. మన నాయన నన్ను కసిమి కుండ ఒలకబోసినందుకే కర్ర గరిటెతో కొట్టాడు. దానికంటే ఇది పెద్ద తప్పు.

నీ ఉత్తరం యశోదకు చదివి వినిపించలేదు. ఆమె అసలే సగం ప్రాణంతో ఉంది. పిల్లను కొట్టారని తెలిస్తే మిగిలిన సగం కూడా పోతుంది. చంద్ర పేరు ఈ ఇంట్లో ఎత్తలేదు నేను. ఎవరో తుంటరి పని అని మాత్రం అన్నాను. ఆమె నా మొహం వంక చూసి, ఏదో అడగబోయి మానేసి, పొయ్యి దగ్గరికి పోయింది. ఈ మధ్య నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంటోంది. అట్లా కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. ఎండదెబ్బ ఏమో అని మజ్జిగ తాగమన్నాను.

పిల్లులను మాయం చేయడానికి నా విద్యంతా చూపించాను. పటిక ఎరుపు ఒకసారి పట్టిందంటే దాన్ని తీసే మొనగాడు పుట్టలేదు. నిమ్మరసం పెట్టాను, పుల్ల మజ్జిగ పెట్టాను. పిల్లి ఇంకా శుభ్రంగా తయారైంది. పైన కసిమి పూసి రాళ్ళు చేద్దామని రెండింటిని నల్లగా కప్పాను. రాళ్ళు కాలేదు, పందికొక్కులు అయ్యాయి. శబరి ఆశ్రమంలో ఇప్పుడు రెండు పందికొక్కులు ఉన్నాయి. నేను పూస్తుంటే యశోద, "ఎందుకు పూస్తారు, ఉండనీండి" అంది. "ఉండనిస్తే మఠం వాళ్ళు నా మెడ కోస్తారు" అన్నాను. మిగిలినవి తొమ్మిది. వాటి జోలికి పోలేదు.

మఠం ఏజెంటు వరదయ్య జూన్ పదో తేదీన గుడ్డ తీసుకుపోవడానికి వస్తాడు. కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు పెట్టుకుని చూసే మనిషి. ఈ ఇంట్లో మూడు తరాలుగా గుడ్డ వెనక్కి వచ్చింది లేదు. నా చేతి మీద మొదటిసారి వస్తుందేమోనని రోజుకు మూడుసార్లు విప్పి చూసుకుంటున్నాను.

కోపంలో కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. గీత వణకలేదు. మడత చెవి నుంచి తోక దాకా చెయ్యి ఎత్తకుండా ఒకే గీత. ఆ గీత చూసి నాకు ఇంకా మండింది. అంత చెయ్యి పెట్టుకుని ఈ పనా చేయడం?

ఉత్తరం రాయను. అడగొద్దు.

మునిరామయ్య


చిత్తూరు,
25-5-1979

అన్నకు,

ఈ ఉత్తరం నేను రాస్తున్నాను కానీ మాటలు సగం మీ బావవి.

చంద్ర నాతో మాట్లాడడం మానేసింది. పిలిస్తే వస్తుంది, చెప్పిన పని చేస్తుంది, మాట మాత్రం లేదు. నాలుగు రోజుల కింద బావకు క్యారియర్ తీసుకుని హాలుకు పోయి, అక్కడే ఆడవాళ్ళ టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని టికెట్లు చింపుతోంది. రోజూ పోతోంది. ఎందుకే అంటే, "బొమ్మలు గీసే పని నాకొద్దు, ఇదే బాగుండాది" అంది. ఎవరో నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టు అయింది నాకు. పదో ఏట నుంచి బొగ్గు కనిపిస్తే చాలు గోడ మీద గీసే పిల్ల అది.

నిన్న మీ బావ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడిగాడు. నీ గుడ్డలో ఏ కథ తర్వాత ఏ కథ, తాను ఉన్నప్పుడు ఎక్కడి దాకా పటిక పూశారు అని. అది వేళ్ళ మీద చెప్పింది. తాను బస్సెక్కిన ఏప్రిల్ ఇరవై ఎనిమిది నాటికి, రావణుడు పడిన తర్వాత మిగిలిన మూడు మూరలకు పటిక చుక్క కూడా పడలేదట. యుద్ధం దాటి అత్తా తానూ పూయనే లేదట. మీ బావ నిన్ను ఒకటే అడగమన్నాడు. ఆ చివరి మూడు మూరల్లో పిల్లి ఉందా లేదా?

ఉంటే ఏం చేస్తావో నువ్వే ఆలోచించు. నేను పొయ్యిలో పెట్టిన పుస్తకం తిరిగి రాదు.

శకుంతల


శ్రీకాళహస్తి,
30-5-1979

శకుంతలకు,

ఉన్నాయి.

నీ ఉత్తరం చదవగానే పెట్టెలోంచి గుడ్డ తీసి వాకిట్లో పరిచాను. చివరి మూడు మూరల్లో అయిదు పిల్లులు. విభీషణుడి గద్దె వెనక ఒకటి, పుష్పకవిమానం కిటికీలో ఒకటి, భరతుడు నెత్తిన పెట్టుకున్న పాదుకల్లో పడుకుని ఒకటి, పట్టాభిషేకం దగ్గర పాలచెంబు మీద కాలు పెట్టి రెండు. నేను వాటిని ఇరవై రోజులుగా చూస్తూనే ఉన్నాను. అక్కడ పటిక ఏ రోజు పూశామో నాకు తెలుసు, మే ఒకటి నుంచి అయిదు దాకా. ఆ రెండూ కలిపి చూసే బుద్ధి నాకు పుట్టలేదు. వాకిట్లో కూలబడ్డాను. పోస్టుమన్ హిదాయతుల్లా వచ్చి నీళ్ళిచ్చేదాకా లేవలేదు.

చంద్ర కాదు. సరే, ఒప్పుకున్నాను. పిల్లకు చెప్పు.

మరి ఎవరు? ఆలోచించి ఆలోచించి గంగాధరం దగ్గర ఆగాను. గుడ్డను మోసేది వాడు, ఉతికేది వాడు, ఆరబెట్టేది వాడు. పోయిన ఏడాది వాడి కూలి గురించి నాకూ వాడికీ మాట పట్టింపు వచ్చింది. పిల్లిని మొదట చూసింది కూడా వాడే. దొంగకు తాను దాచిన చోటు తెలియదా? ఏటి దగ్గరికి పోయి పదిమందిలో అడిగాను. వాడు తడి గుడ్డలు ఇసుకలో పడేసి, "పద్దెనిమిదేండ్లు నీ గుడ్డలు ఉతికినాను, ఒక దారం తెగలేదు. నా చేతికి బండ తెలుసు గానీ కలం తెలుసునా? నీ కాపురానికి ఒక దండం" అని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకో చాకలి నా ఇంటికి రానంటున్నాడు. మిగిలిన రంగులు వేసి గుడ్డ ఇంకా రెండుసార్లు ఉతకాలి. ఇప్పుడు నేనూ యశోదా ఏటికి మోసుకుపోతున్నాము.

వాడు కూడా కాదేమో అని రాత్రి నుంచి అనిపిస్తోంది. ఇంక మిగిలింది నేను. నిద్రలో లేచి గీశానేమో అని అనుమానం వచ్చి, పడుకునే ముందు చేతులకు పసుపు రాసుకుని పొద్దున పటిక కలం చూసుకున్నాను. పసుపు అంటలేదు. నవ్వుకో, ఫరవాలేదు.

మునిరామయ్య


చిత్తూరు,
4-6-1979

అన్నకు,

నవ్వడానికి నాకు ఓపిక లేదు.

"ఒప్పుకున్నాను, పిల్లకు చెప్పు." ఇంతేనా అన్నా? నీ ఉత్తరం దాని ముందు పెట్టాను. చదివి మడిచి ఇచ్చి టికెట్లు చింపడానికి పోయింది. దాని ఎడమ చేతి మీద చీపురు వాత ఇంకా ఉంది. అన్నం పెడుతుంటే నాకే కనిపిస్తుంది, దానికి అక్కర్లేదు. నీ మాట నమ్మి నా బిడ్డ మాట నమ్మలేదు నేను. అది నేను చచ్చేదాకా మోయాలి.

నువ్వు మొదట నా కూతురిని అన్నావు, తర్వాత చాకలిని అన్నావు, ఆఖరికి నిన్ను నువ్వు అనుకున్నావు. ఇంట్లో ఏం జరుగుతోందో వదినను ఒక్కసారైనా అడిగావా? పిల్లకు నెల రోజులు తల దువ్వి అన్నం పెట్టిన మనిషి. చంద్రను కొట్టారని, దాని పుస్తకం కాల్చారని, అది సెంటరూ బొమ్మా వదిలేసిందని వదినకు ఇప్పటికైనా చెప్పావా? చెప్పి ఉండవు. నీ ఉత్తరాల్లో వదిన నాకు చెప్పమన్న మాట ఒక్కటి లేదు. వదినకు చదువు రాదని నా మాటలు నువ్వు మింగేస్తున్నావు.

ఇరవై తారీఖు దగ్గరికి వచ్చింది. నువ్వు రాసిస్తే సరే. రాయకపోతే ఈ కవరుకు జవాబు కూడా రాయొద్దు.

శకుంతల


శ్రీకాళహస్తి,
13-6-1979

శకుంతలకు, బావకు, చంద్రకు,

ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. ముగ్గురూ ఒకచోట కూర్చుని చదవండి. అత్తగారికి మాత్రం చెప్పకండి.

నీ ఉత్తరం ఆరో తారీఖున వచ్చింది. నేను ఇంట్లో లేను. హిదాయతుల్లా సంగతి నీకు తెలుసు, చదువు రాని ఇళ్ళలో ఉత్తరం ఇచ్చి ఊరికే పోడు, గడపలో కూర్చుని చదివి వినిపించి పోతాడు. నేను లేకపోయేసరికి అట్లాగే మీ వదినకు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నేను వచ్చేసరికి అతను లేచి నిలబడి ఉన్నాడు. "మునిరామయ్యా, నేను సదివింది తప్పయితే మన్నించప్పా" అని సైకిలెక్కి పోయాడు. యశోద మడిచిన కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చంద్రను కొట్టినారంట. నాకెందుకు చెప్పలేదు?" అంది.

నువ్వు బాధపడతావని చెప్పలేదన్నాను.

"ఆ పిల్లులు నేను గీసినాను" అంది.

శకుంతలా, నేను నవ్వాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నవ్వాను. పిల్లను కాపాడడానికి తన మీద వేసుకుంటోంది అనుకున్నాను. "నీకు గీసేది యాడ వస్తాది యశోదా" అన్నాను. ఆమె నా వంక చూసి, "ఇరవై తొమ్మిదేండ్లుగా ఈ వాకిట్లో ముగ్గు ఎవురు పెడతా ఉండారు?" అంది. లేచి పటిక గిన్నె తెచ్చింది, కలం ముంచింది, వాకిట్లో గుడ్డలు ఉతికే నల్లబండ దగ్గర కూర్చుంది. మిట్టమధ్యాహ్నం, బండ కాలిపోతోంది. మడత చెవి దగ్గర మొదలుపెట్టి, వీపు మీదుగా వచ్చి, తోక గరిటె మాదిరి లేపి, చెయ్యి ఎత్తకుండా ముందరికాలు దాకా తెచ్చి ఆపింది. తడి గీత బండ మీద రెండు క్షణాలు ఉంది. నేను చూశాను. తర్వాత ఎండకు ఆరిపోయింది, బండ మీద ఏమీ లేదు.

ఎప్పుడు గీశావన్నాను. చంద్రను నేను కలం ముట్టుకోవద్దన్న రోజు సాయంత్రం మొదటిది గీసిందట, కైకేయి మంచం కింద. కోపమొచ్చి గీసింది. రెండోది నవ్వొచ్చి గీసింది. తర్వాత వద్దనుకున్నా చెయ్యి ఊరుకోలేదట. మీ హాల్లో ఆ పిల్లిని మూడు రోజులు చూసింది చల్లదనం కోసం కాదు. "దాన్ని సీపురు తీసుకోని తరుముతారు, గిన్నె దాస్తారు, తలుపేస్తారు. యేం చేసినా మళ్ళా వచ్చి పాలగిన్నె కాడ కూర్చుంటాది. సూస్తా ఉంటే నాకు కడుపు నిండినట్ల ఉండింది" అంది. ఆమె మాట అదే, నేను మార్చి రాయలేదు.

ఉడికితే తేలుతుందని నీకు తెలుసు కదా, నేను చూస్తానని తెలుసు కదా అన్నాను.

"తెలుసు. మీరు సూసి నన్ను అడుగుతారనుకున్నా. తిడతారు, కొడతారు, యేమైనా సరే, అడుగుతారు గదా అనుకున్నా. రోజూ మీరు అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చున్నా. ఎవురో తుంటరి అన్నారు, గంగాధరం అన్నారు, ఆఖరికి నిద్రలో మీరే లేసినారేమో అనుకున్నారు. ఒక్క తూరి కూడా మీకు నేను తోచలేదు. చంద్రను అన్నారని తెలిసుంటే ఆ పొద్దే చెప్పుండేదాన్ని."

చెల్లీ, నాకు యాభై ఏడేండ్లు. గుడ్డ మీద పిల్లి తేలిన రోజున గొడుగు పడిపోయింది, పిల్లులు చంద్ర గీయలేదని తెలిసిన రోజున నేను పడిపోయాను. ఈ మాటకు పడడానికి కూడా లేదు. నిలబడి విన్నాను. గీత వణకలేదని నీకు రాసింది నేనే. కనిపించని నీళ్ళతో అట్లా గీయాలంటే ఇరవై ముప్పై ఏండ్లు చెయ్యి తిరిగి ఉండాలని నాకు తెలియదా? పదిహేడేండ్ల పిల్ల మీద వేశాను. పక్కన కూర్చున్న మనిషిని వదిలేశాను.

ఆ రోజే గంగాధరం ఇంటికి పోయాను. వాడు తలుపు తీయలేదు. గడప బయట నిలబడి అందరికీ వినబడేలా తప్పు నాదని చెప్పి వచ్చాను. మరుసటి రోజు వచ్చి గుడ్డ తీసుకుపోయాడు. నాతో ఇంకా మాట్లాడడం లేదు, యశోదతో మాట్లాడుతున్నాడు.

పదో తారీఖున వరదయ్య వచ్చాడు. గుడ్డ పరిచాను. రెండు జతల కళ్ళద్దాలూ పెట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వంగి నడిచాడు. రాముడి మొహం బాగుందన్నాడు. రథం చక్రాలు మెచ్చుకున్నాడు. పట్టాభిషేకం దగ్గర నిలబడి చేతులు జోడించాడు. పిల్లులు ఆయన చేతికింద ఉన్నాయి. ఆయనకు కనిపించలేదు. తొమ్మిదింటిలో ఒక్కటీ కనిపించలేదు. పందికొక్కులు కూడా కనిపించలేదు. "చాలా బాగా వచ్చినాది, కట్టియ్యండి" అన్నాడు.

కట్టి ఇచ్చి ఉండవచ్చు. మూడు తరాల పేరు నిలబడేది. యశోద గడప పక్కన నిలబడి ఉంది. గుడ్డ మడిచేటప్పుడు ఎప్పటిలాగే రెండో కొస పట్టుకోవడానికి ముందుకు వచ్చింది. ఆమె ఆ కొస పట్టుకునేసరికి నా నోరు నా మాట వినలేదు.

"స్వామీ, మడిచేముందు ఈ పిల్లిని సూడండి" అన్నాను.

"ఏ పిల్లి?" అన్నాడు. చూపించాను. ఒకటి తర్వాత ఒకటి తొమ్మిదీ వేలు పెట్టి చూపించాను. పాదుకల్లో పడుకున్నది చూసేసరికి ఆయన కళ్ళద్దాలు జారి గుడ్డ మీద పడ్డాయి. "ఎవరు చేసినారీ పని?" అన్నాడు. "నా పెండ్లాము. పటికతో గీసినాది, కండ్లకు కనపడకుండా. ఈ జిల్లాలో ఇట్ల గీసే చెయ్యి ఇంకొకటి ఉంటే సూపియ్యండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు ఏరుకుని పెట్టుకున్నాడు. మఠం గోడకు ఇది వేయలేము, విజయదశమికి పిల్లి లేని గుడ్డ ఇంకొకటి ఇవ్వమని చెప్పి పోయాడు. వాకిలి దాకా పోయి వెనక్కి వచ్చి, పాదుకల దగ్గర ఉన్నదాన్ని ఇంకోసారి చూసి పోయాడు.

ఈ ఇంట్లో గుడ్డ వెనక్కి రావడం ఇదే మొదలు. దాన్ని నడవ గోడకు వేశాను. యశోద నన్ను తిట్టింది. పెండ్లయిన తర్వాత ఆమె నన్ను గట్టిగా తిట్టింది ఈ ఒక్కసారే. నాలుగు నెలల పని గాలికి పోగొట్టారని గంటసేపు తిట్టింది. తర్వాత గోడ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడింది.

చంద్రా, మేనకోడలికి మామ క్షమాపణ చెప్పడం మన ఇండ్లలో లేదు. నేను చెబుతున్నాను. నీ పుస్తకం నేనే కాల్చాను, మీ అమ్మ కాదు. ఇందులో సెంటరుకు ఇవ్వాల్సిన కాగితం పెట్టాను. చదివి చూసుకో. "చంద్రకాంత నెల రోజులు యశోదమ్మ వద్ద పటిక పని నేర్చుకున్నది. చెయ్యి నమ్మదగినది" అని ఉంటుంది. కింద వేలిముద్ర మీ అత్తది. నేను సాక్షి సంతకం మాత్రమే చేశాను. నేర్పింది ఆమె కాబట్టి ఆమె పేరే ఉండాలి. వాళ్ళు ఎవరీ యశోదమ్మ అని అడిగితే నన్ను పిలవమను, నేను వచ్చి చెబుతాను.

ఇరవై లోపల ఇచ్చిరా. టికెట్లు చింపడానికి బావ ఇంకెవరినైనా చూసుకుంటాడు.

కాగితంతో పాటు జానెడు గుడ్డముక్క కూడా ఉంది. అది నీకే. విప్పి చూడు, ఉడకబెట్టనక్కర్లేదు. ఈసారి పటిక కాదు, కసిమి. కలం నాదే. మీ అత్త మొదట వద్దంది, చెయ్యి వణికింది, చెవి దగ్గర కాస్త ముద్ద పడింది, అది తప్పు పట్టొద్దు. ఆమె గీస్తున్నంతసేపూ కసిమి గిన్నె నేను పట్టుకుని కూర్చున్నాను.

మీ మామ,
మునిరామయ్య